అక్క కుర్చీలో పది నిమిషాలు

రసాయన కర్మాగారాల కంట్రోల్ రూములకు తెరలు గీయడం ఆయన వృత్తి. ఇరవై రెండేళ్లుగా ట్యాంకులను, పంపులను, పైపులను కంప్యూటర్ తెరపై కన్నుల పండువగా అమర్చిన ఆయనను ఆపరేటర్లు 'బొమ్మలాయన' అనేవారు. ఆ ఎగతాళిని ఆయన బిరుదుగానే స్వీకరించారు.

ఒకనాడు ఒక కర్మాగారంలో యాసిడ్ ట్యాంకు పొంగి పొర్లింది. అలారం వచ్చినా, చూశానని తెలిపే మీట నొక్కి మోత ఆపి ఊరకున్నదన్న అభియోగంపై, అందరూ 'అక్క' అని పిలిచే ఆపరేటరును ఉద్యోగం నుంచి తొలగించదలచారు. తెరలో లోపమేమీ లేదని బొమ్మలాయన సంతకం చేయడమే తరువాయి. ఆయన నివేదిక సిద్ధం చేసుకునే వచ్చారు.

"సంతకం పెడుదురుగాని సార్. ముందు నా కుర్చీలో పది నిమిషాలు కూర్చోండి," అన్నది అక్క.

"నేను గీసిన తెర నాకే చూపిస్తావా అమ్మా?"

"వండినవాళ్లు ఒక్కసారైనా తిని చూడాలిగా!"

ఆయన నవ్వుతూ కూర్చున్నారు. ఆమె శిక్షణ తెరపై ఒక పాత రికార్డు నడిపించింది. అలారం మోగింది, ఆయన చదివి మీట నొక్కారు. వెంటనే మరొకటి. వాల్వు తెరుచుకున్నా మోతే, మూసుకున్నా మోతే. అన్నింటికీ అదే ఎరుపు. మూడో నిమిషానికి ఆయన చదవడం మానుకున్నారు. చెవిలో జోరీగలా దూరిన ఆ రొద ఆగితే చాలునని నొక్కుతూనే పోయారు.

అక్క తెరను నిలిపింది. "ట్యాంకు పొంగింది సార్."

"ఎప్పుడు? నేను చూడనే లేదే!"

"ఇది ఆ రోజు రికార్డే. ఆ అలారం ఏడో నిమిషంలో వచ్చింది. నేను ఆరు సెకన్లకు నొక్కాను. మీరు రెండు సెకన్లకే నొక్కేశారు!"

బొమ్మలాయన ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. తన చూపుడు వేలిని పరాయివాని వేలిని చూసినట్టు చూస్తూ ఉండిపోయారు. ఆ తెరలు నలభై కర్మాగారాలలో ఉన్నవి. తాను మాత్రం ఏ ఒక్కదాని ముందూ పది నిమిషాలు కూర్చుని ఎరుగరు.

కలం తీశారు. 'ఆపరేటరు అజాగ్రత్త' అన్న మాటను కొట్టివేసి, 'వాల్వు కదలికకును, ట్యాంకు పొంగుటకును ఒకే రంగు, ఒకే మోత ఉంచిన నాదే దోషము' అని రాసి సంతకం చేశారు.

"చెల్లుతుందంటారా సార్?" అని అడిగింది అక్క.

"చెల్లదన్నవాణ్ణి తీసుకొచ్చి ఇదే కుర్చీలో కూర్చోబెట్టు తల్లీ."