పాటలుంటేనే కారెక్కుతా: మార్కాపురం నుంచి గిద్దలూరుకు

మా ఆడపడుచు రవణమ్మకు కుడి కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ కష్టమవుతుందని డాక్టరు చెప్పినా, మార్కాపురం ఆసుపత్రివాళ్లు ఇచ్చిన రెండు తేదీలకూ ఆమె గిద్దలూరు పొలిమేర దాటలేదు. అడిగితే కారెక్కితే వాంతులని చెప్పింది. అది అబద్ధం కాదు. మా ఇంట్లో పెళ్లిళ్లకు వ్యాన్లు మాట్లాడినప్పుడల్లా ఆమె పక్క సీటు ఖాళీగా ఉండేది. దానికి ఆమె కనిపెట్టుకున్న మందు ఒక్కటే: పాత పాటలు గట్టిగా పెట్టించుకుని, వాటితో పాటు తనూ గొంతెత్తి పాడటం. పాడినంతసేపూ కడుపు ఆమె మాట వింటుంది. మూడో తేదీ వచ్చేసరికి ఫోనులో షరతు పెట్టింది. “పాటలుంటేనే కారెక్కుతా వదినా. లేకుంటే నన్ను ఇట్లనే వదిలెయ్యండి.” మధ్యాహ్నం మూడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. రైళ్ల వేళలు కుదరలేదు. మేమే వెళ్లి తీసుకురావాలనుకున్నాం.

మార్కాపురం నుంచి కంభం, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు డెబ్బై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎండ ముదరకముందే పోవాలని ఎనిమిదింటికి బయలుదేరాం. మా కారు వయసు పద్నాలుగేళ్లు, నడిపే మా ఆయన వయసు డెబ్బై రెండు, ఇద్దరూ ఎత్తు మీద మూలుగుతారు. మనవరాలు పాటలెక్కించి ఇచ్చిన పెన్ డ్రైవ్‌ను ఊరు దాటగానే పెట్టి చూశాను. స్టీరియోలో పాట లేదు, కనీసం దీపం కూడా వెలగలేదు. తీసి, ఊది, మళ్లీ పెట్టాను. మీటలన్నీ నొక్కాను. నొక్కకూడనివి కూడా నొక్కాను. మా ఆయన మాత్రం రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా, ఆ రోజే డ్రైవింగ్ పరీక్ష ఉన్నట్టు నడుపుతున్నాడు. ఫోనులో పాట పెట్టొచ్చు కదా అని మీరు అడగవచ్చు. రవణమ్మకు చెవి కూడా కాస్త మందం. ఫోను పాట ఆమెకు దోమ రొదకంటే ఎక్కువ వినపడదు.

కంభం చేరేలోపు నేను మూడు కారణాలు కనిపెట్టాను: పెన్ డ్రైవ్ పాడైంది, స్పీకరు తీగ తెగింది, స్టీరియో కాలం తీరింది. హైస్కూల్లో ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కాబట్టి మూడింటినీ గట్టి నమ్మకంతో చెప్పాను. తొమ్మిదిన్నరకు బేస్తవారిపేటలో టీ తాగి, బస్టాండు దగ్గర కార్ల కరెంటు పని చేసే దుకాణం ముందు ఆపాం. నడివయసు మనిషి, అప్పుడే ఒక ట్రాక్టరు లైటు బిగిస్తున్నాడు. ముప్పావుగంట ఆగమన్నాడు. నేను అతనికి నా మూడు కారణాలూ వివరించాను. ఓపికగా విన్నాడు, ఆ తర్వాత ఒక్కదాన్నీ చూడలేదు. నేరుగా స్టీరింగు కింద మూత తీసి, ఫోను లైటు వేశాడు.

“పెద్దమ్మా, ఈడ ఫ్యూజే లేదు. కాలిపోలా. ఎవరో పీకినారు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ట్రాక్టరు వైపు చూశాడు.

“పోయిన నెల పొదిలి దారిలో గొర్రెల మంద అడ్డమొచ్చినప్పుడు హారన్ పోయింది” అన్నాడు చివరికి. “ఇది పీకి దానికి పెట్టినా. మంద మధ్యలో పాటతో ఏం పని?”

“మరి పొద్దున్నించీ నేను ఊదుతుంటే చెప్పలేదేం?”

“కంభం కాడ గుర్తొచ్చింది. అప్పటికే నువ్వు శానా చెప్పినావు. మధ్యలో ఎట్ల చెప్పేది?”

దుకాణమతను తల వంచుకుని పని చేసుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. ఫ్యూజు పాఠం నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. నా సొంత కారులో మాత్రం మూత తీసి చూడాలని తోచలేదు. కొత్త ఫ్యూజు పెట్టగానే దీపం వెలిగి, పాట రోడ్డు అవతలి దాకా వినిపించింది. ఫ్యూజుకు ఇరవై, పనికి యాభై తీసుకున్నాడు. నా పాఠం విన్నందుకు విడిగా ఏమీ అడగలేదు.

పదకొండున్నరకు గిద్దలూరు. రవణమ్మ ఇల్లు రైలు గేటుకు దగ్గర్లో. కోడలు సంచి సర్ది పెట్టింది, జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించింది. తిన్నాక మా ఆయన గర్వంగా వెళ్లి స్టీరియో పెట్టాడు. సందంతా మోగింది, గోడవారన మేస్తున్న మేకలు తలెత్తాయి. రవణమ్మ కారు దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడిపోయింది. పాట అయిపోయింది. రెండోది మొదలైంది. ఆమె ఎక్కలేదు, పాడనూ లేదు.

“ఇప్పుడేమైంది? నీ పాటలే కదా” అన్నాను.

“వాంతుల సంగతి కాదు వదినా” అంది. “ఆ కన్ను కోస్తే, ఉండే మసక చూపు గూడా పోతే ఏంది గతి?”

“ఈ మాట రెండు నెలల కిందట చెప్పొచ్చు కదా.”

“చెప్తే నువ్వు నగుతావు.”

నోటి దాకా వచ్చిన మాటను మింగి, పాట ఆపమని మా ఆయనకు సైగ చేశాను. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. చెవి దగ్గర గట్టిగా చెప్పాను కాబట్టి మేకలు కూడా విని ఉంటాయి: నాకు ఆపరేషన్ చేసినప్పుడు నేనూ ఇదే భయంతో రెండుసార్లు వాయిదా వేశాను, మనవరాలి పరీక్షలని సాకు చెప్పాను, ముందురోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

ముందు సీట్లోంచి మా ఆయన తల తిప్పాడు. “అప్పుడది ఒకటో తరగతి గదా. ఏం పరీక్షలు?”

రవణమ్మ నవ్వింది. నవ్వుతూనే కాళ్లు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది. “పోనీ అన్నా, పాట పెట్టు.” కంభం దాకా పాడింది, ఒక్కసారి కూడా కారు ఆపమనలేదు. రెండున్నరకే ఆసుపత్రిలో ఉన్నాం.

ఒకే రోజు ఇద్దరు నాకు నిజం చెప్పడానికి జంకారు. ఇద్దరూ నేనంటే ప్రాణం పెట్టేవాళ్లే. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి ఈసారి దుకాణమతని అవసరం లేకపోయింది. రవణమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. కట్టు విప్పాక వాకిట్లో కారును అద్దం నుంచి చక్రాల దాకా చూసి, “ఇంత దుమ్ములోనా అన్నా నన్ను తెచ్చినావు” అని అడిగింది. ఆయన బకెట్టుతో నీళ్లు తెచ్చుకున్నాడు.

ఈ దారిన వెళ్లేవారికి నేను చెప్పేది ఒకటే. మీ కారుకు సరిపోయే ఫ్యూజులు నాలుగు, ఏది దేనికో రాసిన చీటీతో సహా, ముందు అరలో పెట్టుకోండి. ఒకచోటిది పీకి ఇంకోచోట పెడితే ఆ రోజే ఇంట్లో చెప్పండి. విన్నవాళ్లు ఆ పూట కాస్త నోరు అదుపులో పెట్టుకోవాలి. నేను ప్రయత్నిస్తున్నాను.