పోల్ మీద గీత

జాతీయ ఒలింపిక్ సంఘం ఆఫీసులో ఆయన్ను అందరూ సామాన్ల మామయ్య అనేవారు. విదేశాల్లో పోటీలకు వెళ్లే ఆటగాళ్ల వెంట వెళ్లి, వాళ్ల విల్లులూ బూట్లూ మందులూ అన్నీ క్షేమంగా మైదానం చేర్చడం ఆయన పని. సంఘమంటే టీవీలో జెండా పట్టుకుని నడిచేవాళ్లేనని ఆయన భార్య చాలాకాలం అనుకుంది. "మీరెక్కడా కనపడరేం?" అని అడిగితే, "నేను కనపడ్డానంటే ఏదో పోయిందని అర్థం" అనేవాడు.

ఆ ఏడాది అంత పనీ అయింది. పొడవాటి కర్ర ఊతంతో ఎత్తు దూకే పోల్‌వాల్ట్ అమ్మాయి పోల్స్ విమానం మారేచోట ఆగిపోయాయి. రెండో విమానం చిన్నది. పోల్స్ పెట్టిన, మనిషికి మూడింతలున్న గుడ్డ గొట్టం అందులో పట్టలేదు. అరువు పోల్‌తో దూకడం కుదరదు. పోల్ ఆమె బరువుకీ పరుగుకీ సరిపోవాలి. జట్టును ముందు పంపేసి, ఆయన ఒక లారీ మాట్లాడి, గొట్టాన్ని పైన కట్టించి, డ్రైవర్ పక్కన కూర్చున్నాడు.

సరిహద్దులో కస్టమ్స్ ఉద్యోగి ఆపాడు.

"ఇందులో ఏముంది?"

"దూకే పోల్స్ సార్. పోటీ దగ్గరపడింది, త్వరగా వదిలేస్తే..."

"విప్పండి."

ఆయన ముడి విప్పేలోపే ఆ ఉద్యోగి చుట్టిన పట్టీని కత్తితో సర్రున కోశాడు. మామయ్య పోల్స్‌ను ఒక్కొక్కటే ఎండలో తిప్పి చూశాడు. అన్నిటికన్నా గట్టిదాని మీద కత్తి మొన తగిలి, గోటితో గీసినంత గీత.

మైదానం చేరేసరికి అమ్మాయి ఒళ్లు వేడెక్కించుకుంటోంది. ఆయన కోచ్‌ని పక్కకు పిలిచి గీత చూపించాడు.

"ఆమెకు చెప్పకండి," అన్నాడు కోచ్ గొంతు తగ్గించి. "పైపైన పడిందే. ఈ పోల్ లేకపోతే పతకం మీద ఆశ వదులుకోవాల్సిందే."

"విరిగితే?"

"విరగదు."

"గట్టిగా చెప్పగలరా?"

"సామాన్లు చేర్చడం మీ పని. చేర్చారు. ఇక వదిలేయండి."

సంఘం పెద్దలు కోచ్ మాటే వింటారని మామయ్యకు తెలుసు. అయినా పోల్ పట్టుకుని అమ్మాయి దగ్గరికే నడిచాడు.

"తల్లీ, ఇక్కడొకసారి తడిమి చూడు."

ఆమె వేలు గీత మీద ఆగింది.

"ఇప్పుడా మామయ్యా చెప్పడం?"

"ఇప్పుడేగా వచ్చాను. గాల్లో ఉండేది నువ్వమ్మా. నీకు తెలియాలి."

ఆమె దాన్ని పక్కన పెట్టి, మెత్తటి పోల్ అందుకుంది. మొదటి ఎత్తు దాటింది. తర్వాతి ఎత్తుకు ఆ పోల్ చాల్లేదు. అడ్డకర్ర ప్రతిసారీ ఆమెతో పాటే కింద పడింది.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. ఆఫీసు చేరాక సంఘం కార్యదర్శి గదిలోకి పిలిచి, "మిమ్మల్ని ఎవరడిగారని చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ అడగరనే చెప్పాను సార్."

ఆయన్ను గిడ్డంగికి మార్చారు. ఆ పోల్‌ను పరీక్షకు పంపితే, విరగొచ్చు, విరక్కపోనూవచ్చు అన్నారు. ఆ మాట ఆయన్ను చాలాకాలం తొలిచింది. "పిల్ల తన కాళ్ల మీద నడిచి వచ్చింది కదండీ," అనేది భార్య. ఆయన తలూపేవాడే కానీ, అమ్మాయి ఏమనుకుంటోందోనన్న బెంగ మాత్రం పోలేదు.

మరుసటి పోటీలకు సంఘం కొత్త మనిషిని వేసింది. అమ్మాయి కార్యదర్శి ఎదుటే నిలబడి, "నా పోల్స్ మామయ్య చేతికే ఇస్తాను," అంది. ఎంత నచ్చజెప్పినా దిగిరాలేదు. చివరికి ఆయన్నే పంపారు. ఆమెకు నాలుగో స్థానం వచ్చింది. తెల్లవార్లూ ఆమె ఏడుస్తూంటే, మామయ్య పక్కన కూర్చుని పోల్స్‌కు గుడ్డ చుడుతూనే ఉన్నాడు.