మూడో ఎండాకాలం నీళ్లు

మా మరిది పోయాడు. సోమవారం పొద్దున నేను పాల లెక్క రాసుకుంటుండగా గోదావరిఖని దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. చూడడానికి వచ్చినవాళ్లంతా మంచి మనిషి అన్నారు. ఆ మాట సరిపోదు. ఆయన మొండివాడు. నేను మెచ్చుకున్నది ఆ మొండితనాన్నే.

బొగ్గుబాయిలో రిటైరయ్యాక, మూతపడిన ఒక ఓపెన్‌కాస్టు గని దగ్గర మొక్కలు పెంచే పనికి మేస్త్రీగా కుదిరాడు. లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని కాబట్టి ఆయన నోటుబుక్కు నేనే రాసేదాన్ని. మొదటిసారి "వంద చెట్లు" అని రాయబోతే అడ్డుపడ్డాడు.

"ఆగు వదినా. నాటంగనే చెట్టు లెక్క గాదు. మూడు ఎండకాలాలు దాటినంక రాయి."

"అప్పటిదాక పేజీ ఖాళీగ ఉంచాల్నా?"

"ఉండనియ్. అవి నీ కోపం కంటె జల్దినే పెరుగుతయి."

గొడవంతా డంపర్లు తిరిగిన పాత రోడ్డు దగ్గర వచ్చింది. ఎస్టిమేటులో మొక్కలు, గుంతలు, ఒక ఏడాది నీళ్లు ఉన్నాయి. రోడ్డును లోతుగా పెళ్లగించే ఖర్చు దండగని కొట్టేశారు. ఏళ్ల బరువుకు ఆ నేల బండలా గట్టిపడింది. అందులో గుంత తీసి మొక్క పెడితే వేరు పక్కకు పోలేదు. తెలిసీ నాటడం మా మరిది చేసిన తప్పు. వందలో పదకొండు మిగిలాయి. దాచకుండా నాతో అలాగే రాయించాడు.

తరువాత తనిఖీకి వచ్చిన సారు చేతిలో గడ్డపార పెట్టాడు.

"ఒక్క పోటు పొడువుండ్రి సార్."

గడ్డపార ఖంగుమని ఎగిరింది. సారు చెయ్యి దులుపుకున్నాడు.

"మీ చెయ్యే జుమ్మంటున్నది. ఇగ యాప మొక్క ఏం జేస్తది?"

రోడ్డు పెళ్లగించడానికీ, ఇంకో రెండేళ్లు కలిపి మొత్తం మూడేళ్ల నీళ్లకూ డబ్బు మంజూరైంది. మళ్లీ నాటారు. రెండు ఎండాకాలాలు దాటాయి. "పచ్చగానే ఉన్నాయి కదా, ఇక ట్యాంకరు ఎందుకు?" అని ఈ ఏడు ఆఫీసులో అన్నారు. ఆ వారమే ఆయన మంచం పట్టాడు. చివరి నీళ్లు మిగుల్చుకుని, రోడ్డు తవ్విన ఖర్చూ నాటిన ఖర్చూ ఎండగట్టడం ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి విస్తరినీ, ఒక బిందెడు నీళ్లనూ ఆ రోడ్డు మీదికే తీసుకెళ్లాం. పోయినవారి కోరిక తీరకపోతే కాకి ముట్టదని మావాళ్ల నమ్మకం. ఆయన నాటిన వేప మీద కాకి కూర్చుంది. దిగలేదు.

"అమ్మను మంచిగ చూసుకుంట నాయినా," అన్నాడు కొడుకు. దిగలేదు.

మా తోడికోడలు నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు జెప్పు. నీ మాటొక్కటే ఇంటుండె."

కాకికి మాటలు తెలుస్తాయని నేను నమ్మను. కానీ చుట్టూ కాలనీ అంతా వింటోంది. అందుకే గట్టిగానే అన్నాను.

"ఇగో, ఇను. ట్యాంకరు ఆపనియ్య. ఆపిన్రంటే నీ నోటుబుక్కు పట్టుకొని ఆఫీసు గడపల కూసుంట. అది వచ్చేదాక మేం ఆడోళ్లం బిందెలతోని పోస్తం."

అంటూనే చేతిలోని బిందెను ఆ వేప మొదట్లో కుమ్మరించాను.

కాకి దిగింది. విస్తరి దగ్గరకు కాదు, పాదులో ఇంకా ఇంకని నీళ్ల దగ్గరకు.