నీళ్ళ గోడౌను

లోపలికి వెళ్ళి బయటికొచ్చిన ప్రతి మనిషీ మొదట తన కాళ్ళకేసి చూసుకుంటాడు. చెప్పుల స్టాండు దగ్గర కూర్చున్న నాలుగు నెలల్లో సత్యనారాయణమ్మ కనిపెట్టిన సంగతి ఇది. చూసుకుని, వంగి మడమ తడుముకుంటారు. కొందరు పక్కవాళ్ళ మడమ కూడా తడుముతారు. పొడిగా ఉందని తెలిశాక సిగ్గుపడినట్టు నవ్వి టోకెన్ చేతికిస్తారు.

"తడిసిపోయేయనుకున్నానండీ."

"ఆయ్, అందరూ అలాగే అంటారండి," అని ఆమె చెప్పులు తీసి ముందుకు జరుపుతుంది.

అంబాజీపేట మెయిన్ రోడ్డు దిగి కాలవ గట్టు మీదుగా వెళ్తే వచ్చే ఆ రేకుల షెడ్డు ఒకప్పుడు ఎండు కొబ్బరి గోడౌను. వేసవిలో హైదరాబాదు నుంచి హేమంత్ అనే ముప్పయ్యేళ్ళ మనిషి వచ్చి దాన్ని అద్దెకు తీసుకున్నాడు. కిటికీలు మూయించాడు. గోడలకు తెల్లరంగు కొట్టించి, నేలంతా తెల్లటి షీటు పరిపించాడు. దూలాలకు పద్నాలుగు ప్రొజెక్టర్లు, వాటి పక్కన మనిషి ఎక్కడున్నాడో పసిగట్టే కెమెరాలు బిగించాడు. చీకటి చేసి మీట నొక్కితే నాలుగు గోడలూ నేలా గోదావరి అయిపోతాయి. కాలు వేసిన చోట అలలు లేస్తాయి. కదలకుండా నిలబడితే చేపలొచ్చి వేళ్ళ చుట్టూ తిరుగుతాయి, కాలెత్తితే చెదిరిపోతాయి. బోర్డు మీద ఏదో ఇంగ్లీషు పేరుంది గానీ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ అది నీళ్ళ గోడౌనే.

ఆడవాళ్ళు గుమ్మంలోనే చీర కుచ్చిళ్ళు పైకెత్తుతారు. మగవాళ్ళు ప్యాంట్లు మడుస్తారు. మురమళ్ళ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నేల మీది వెలుగులోంచి మూడు దోసిళ్ళు తీసి నెత్తిన చల్లుకుని, వెళ్ళేటప్పుడు చీర కొంగు పిండింది కూడా. గల్ఫు నుంచి సెలవుకొచ్చినవాళ్ళు మాత్రం "దుబాయ్‌లో దీనికి పదింతలుంటదండి" అంటూ లోపలికి వెళ్తారు, బయటికొచ్చి అందరిలాగే మడమలు తడుముకుంటారు.

ఏటా వరదకు మునిగే గోదావరి లంకల వాళ్ళ తీరు వేరు. ఒకసారి కపిలేశ్వరపురం వైపు నుంచి వ్యాను నిండా వచ్చారు. గుమ్మంలో అందరూ ఆగిపోయారు. లోతు చూసేటప్పటిలా ముందొక కాలు పక్కకు జాపి, బొటనవేలికి నేల తగిలాకే రెండోది వేశారు. వాళ్ళలో ఒక్కరూ ఫోటో తీసుకోలేదు. సత్యనారాయణమ్మ పుట్టిల్లు ఆ లంకల్లోనే. వాళ్ళు ఎందుకలా చేశారో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పదహారో ఏట పెళ్ళయి అంబాజీపేట వచ్చింది ఆమె. మొగుడు కొబ్బరి దింపు తీసేవాడు, చెట్టు మీంచి పడి మూడేళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. ఆమె ఈ గోడౌనులోనే ఇరవై రెండేళ్ళు పనిచేసింది. కాయ కొట్టడం, కొబ్బరి ఎండబెట్టడం, నల్లబడ్డ ముక్కలు ఏరి పక్కన వేయడం. మోకాళ్ళు అరిగి ఎక్కువసేపు గొంతుక్కూర్చోలేక ఆ పని మానేసింది. కొడుకు సాయికుమార్ కువైట్‌లో బండి నడుపుతున్నాడు. కోడలు సత్యదుర్గ డిగ్రీ చదివింది. హేమంత్ మనుషుల కోసం చూస్తున్నాడని తెలిసి ఇద్దరూ వెళ్ళారు. కోడలికి లోపల పని, జనాన్ని నడిపించడం. అత్తకు బయట చెప్పులు.

పని ఖాయమైన రోజునే సత్యనారాయణమ్మ హేమంత్‌కు ఒక మాట చెప్పింది. "బాబూ, ఆ ఉత్తరం మూల ఊట వస్తదండి. అక్కడ నుయ్యుండేది. షావుకారు జగ్గయ్యగారు దాన్ని పూడిపించి షెడ్డు పెంచేరు. వానలు ముదిరితే కింద నుంచి ఊరుతది. ఆ మూల కొబ్బరి పీచు డొక్కలు రెండు వరసలు పరిస్తే గాని బస్తా దింపేవోళ్ళం కాదండి."

"షీటు వాటర్‌ప్రూఫ్ ఆంటీ."

"పైన పోసిన నీళ్ళు కిందకి దిగవనండి. కింద నుంచి వచ్చేవో?"

హేమంత్ నవ్వాడు. "చూద్దాం ఆంటీ," అన్నాడు. ఎవరూ చూడలేదు. షీటు కిందనే వైర్లు లాగారు. గోడల వారన లావుపాటి స్పీకర్లు పెట్టారు, వరద వచ్చినప్పుడు కాళ్ళ కింద నేల అదరడానికి.

వరద ఆటలో చివరి భాగం. నీళ్ళు ఎర్రబడి గోడలెక్కుతాయి. జనం మాట్లాడకుండా ఒకచోట చేరి నిలబడితే కాళ్ళ కింద బల్లకట్టు బొమ్మ వచ్చి నీరు తీస్తుంది. అరిస్తే పెరుగుతుంది. పైన మైకులున్నాయి, ఎంత గట్టిగా అరిస్తే అంత ఎత్తుకు లేస్తుంది. మాట్లాడకుండా నిలబడే జట్టును ఈ నాలుగు నెలల్లో సత్యదుర్గ చూడలేదు. నీటిని కప్పుదాకా తేవాలని పిల్లలూ పెద్దలూ గొంతులు చించుకుంటారు. మొదటి రోజు ఆ కేకలు విని సత్యనారాయణమ్మ లేచి లోపలికి పరుగెత్తింది. "ఏం లేదు అత్తయ్యా, సరదాకి," అని కోడలు బయటికి పంపేసింది. తర్వాత చెవులు అలవాటుపడ్డాయి. కేకల మధ్యనే ఆమె టీ తాగేది.

దీపావళి సెలవులకు ముందు వాయుగుండం పట్టింది. అయిదు రోజులు వాన విడవలేదు. చేలు మునిగాయి. కాలవ నీరు గట్టు అంచును రాసుకుని పారుతోంది. బయట తిరగడానికి చోటు లేక జనం నీళ్ళ గోడౌనుకు ఇంకా ఎక్కువ వచ్చారు. తడి కాళ్ళతో లోపలికి వెళ్తే షీటు మీద బొమ్మ చెడుతుందని హేమంత్ గుమ్మంలో గోనెసంచులు వేయించి, పాత తువ్వాళ్ళు పెట్టించాడు. సత్యనారాయణమ్మ ఎవరినీ వదిలేది కాదు.

"ఏవండీ, వేళ్ళ సందులు కూడా తుడుచుకోండి."

"నీళ్ళు చూడ్డానికి కాళ్ళు తుడుచుకోమనడం ఇక్కడే చూసేనండి," అన్నాడు కొత్తపేట నుంచి వచ్చిన ఒక బట్టతలాయన.

"చూసేరు కదా మరి. ఇంటికెళ్ళి చెప్పుకోండి."

ఆరో రోజు మధ్యాహ్నం మూడు గంటల ఆట అయి జనం బయటికొస్తున్నారు. అందరూ మడమలు తడుముకుంటున్నారు. అయిదేళ్ళ పిల్లొకతె తల్లి చెయ్యి పట్టుకుని స్టాండు ముందుకొచ్చింది. పిల్ల నడిచిన దారిలో సిమెంటు మీద చిన్న చిన్న పాదాలు అచ్చుపడ్డాయి. మడమ, అయిదు వేళ్ళు, స్పష్టంగా.

"లోపల ఒంటేలు పోసేసిందేమోనండీ," అంది తల్లి, మొహం చిన్నబుచ్చుకుని.

సత్యనారాయణమ్మ వంగి ఆ తడిని వేలితో అద్దుకుని వాసన చూసింది. ఒంటేలు కాదు. వాన నీళ్ళ వాసన కూడా కాదు. పుచ్చిపోయిన కొబ్బరి, పాత పీచు, మట్టి కలిసిన వాసన. బస్తా అడుగు నానిందని తెలిసేది ఆ వాసనతోనే. ఇరవై రెండేళ్ళు ముక్కులో పెట్టుకు తిరిగిన వాసన.

ఆమె లేచేసరికి తర్వాతి జట్టు లోపలికి వెళ్ళిపోయింది. రాజోలు వైపు నుంచి బస్సు కట్టించుకుని వచ్చిన వాళ్ళు, యాభై మందికి పైనే. వాళ్ళను నడిపిస్తూ సత్యదుర్గ కూడా వెళ్ళింది. అందరివీ ఉత్తకాళ్ళు.

పాత కాటా గదిలో హేమంత్ కంప్యూటర్ల ముందున్నాడు.

"బాబూ, ఆపేయండి. ఆ మూల ఊట వచ్చేసింది."

"ఎవరు చెప్పారు ఆంటీ?"

"ఓ పిల్ల కాళ్ళు తడిసేయండి."

హేమంత్ తెర మీంచి చూపు తిప్పలేదు. "అందరూ కాళ్ళు తడిసాయనే అంటారు కదా. మీరే నాకు రోజూ చెప్తారు."

"అది అనుకోవడం. ఇది తడండి. వాసన కూడా చూసేను."

"ఇంకో పన్నెండు నిమిషాల్లో అయిపోతుంది. అయ్యాక లైట్లు వేసి చూద్దాం. మధ్యలో ఆపితే వీళ్ళు నన్ను తంతారు ఆంటీ."

అతని మాటలో అన్యాయమేమీ లేదు. తడిసిందని చెప్పేవాళ్ళను రోజుకు రెండు వందల మందిని చూస్తున్నాడు. సత్యనారాయణమ్మ గది దాటి, గుమ్మానికి వేలాడే నల్లగుడ్డ తప్పించి లోపలికి వెళ్ళింది.

నీళ్ళన్నీ ఒకలాగే మెరుస్తున్నాయి. ఏవి వెలుగో, ఏవి నిజమో చూపుకు తెలియలేదు. ఆమె గోడ పట్టుకుని ఉత్తరం మూలకు నడిచింది. ఆ వైపు జనం ఎక్కువగా ఉన్నారు, ఎందుకంటే అక్కడ చేపలు అన్నిచోట్లలా ఈదడం లేదు. వణుకుతున్నాయి, సాగుతున్నాయి, కాలి చుట్టూ విరిగి మళ్ళీ అతుక్కుంటున్నాయి.

"ఇక్కడ భలే చేసేడే," అంటోంది ఒకావిడ పక్కావిడతో. "చల్లగా కూడా తగుల్తంది చూడు."

"చల్లగా ఏంటి, చిమచిమలాడుతుంటేను. సన్నగా కరెంటు పెట్టినట్టున్నాడు."

"ఎంత చదువుకోవాలో ఇదంతా చెయ్యడానికి."

సత్యనారాయణమ్మ పుట్టింటివాళ్ళలా ఒక కాలు పక్కకు జాపింది. బొటనవేలు నేలకు తగిలే ముందే నీళ్ళకు తగిలింది. వేలి నుంచి పిక్క దాకా చీమలు పాకాయి. కాలు వెనక్కి లాక్కుంది.

"బయటికి నడవండి. ఇవి నిజం నీళ్ళు. నడవండి బయటికి," అని గట్టిగా అరిచింది.

అప్పటికి వరద మొదలైంది. ఆమె కేకకు గోడ మీద నీరు జానెడు లేచింది. అది చూసి యాభై మందీ అందుకున్నారు. ఎవరో ఆమె గొంతును అనుకరిస్తూ "ఇవి నిజం నీళ్ళహో" అని అరిచారు. నీరు భుజాల ఎత్తుకు వచ్చింది. నేల అదిరింది. అవతల ఆ మూలనే స్పీకరు పక్కన సత్యదుర్గ చేతిలో చిన్న లైటుతో నిలబడి ఉంది. అత్త పిలిస్తే ఇటు చూసింది గానీ వినపడలేదన్నట్టు చెవి చూపించింది.

సత్యనారాయణమ్మ ఇంకోసారి అరవలేదు. బయటికొచ్చి స్టాండులోంచి చేతికందిన రబ్బరు చెప్పులు ఒక జత కాళ్ళకు వేసుకుంది, ఇంకొకటి అరచేతికి తొడుక్కుంది. షావుకారు కాలం నాటి మెయిన్ స్విచ్చు వరండాలో, ముందు స్తంభానికుంది. సరుకు ఎత్తే రోజుల్లో సాయంత్రం దాన్ని దించి ఇంటికి వెళ్ళేది ఆమే. చెప్పుతో పిడిని కిందకు కొట్టింది. రెండో దెబ్బకు పడింది.

లోపల గోదావరి ఆగిపోయింది. చిమ్మచీకటి. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. యాభై మందీ కొట్టారు, కొందరు ఈలలు వేశారు. ఇది కూడా ఆటే అనుకున్నారు. కదలకుండా అక్కడే నిలబడ్డారు, తర్వాత ఏం వస్తుందోనని.

హేమంత్ ఫోను లైటు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు ఆపింది? ఎవరు?" అంటూ లోపలికి దూరి, ఉత్తరం మూల దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఫోను వెలుగులో షీటు పొట్టలా ఉబ్బి ఉంది. దాని అతుకులోంచి నల్లటి నీళ్ళు, పీచు ముక్కలు తేలుతూ వచ్చి, జనం కాలివేళ్ళ దాకా నిలబడ్డాయి. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. కుచ్చిళ్ళు ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

సత్యదుర్గను ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు. మోకాళ్ళ కింద స్పర్శ లేదు. వరండాలో కూర్చోబెట్టి అత్త తన కాళ్ళు రుద్దుతుంటే చెప్పింది.

"మూడు గంటల ఆట నుంచీ లాగుతానే ఉంది అత్తయ్యా."

"చెప్పవేంటే?"

"జనం బాగుందంటున్నారు. హేమంత్‌గారు కొత్తగా ఏదైనా పెట్టేరేమో అనుకున్నాను."

సత్యనారాయణమ్మ ఆ కాళ్ళు వదల్లేదు.

పదిహేను రోజులు మూసి మళ్ళీ తెరిచారు. వైర్లు గోడల పైకి ఎక్కించామన్నారు. మూలలో మోటారు పెట్టి ఊటను కాలవలోకి తోడుతున్నామన్నారు. సంగతి జిల్లా అంతా పాకింది, జనం తగ్గుతారనుకుంటే రెట్టింపయ్యారు. అందరూ లోపలికి వెళ్ళే ముందు ఒకటే అడుగుతారు.

"నిజం నీళ్ళొచ్చింది ఏ మూలండి?"

సత్యదుర్గ లైటుతో చూపిస్తుంది. ఆ మూల కోసం తోసుకుంటారు. వరద వచ్చినప్పుడు అక్కడివాళ్ళే ఎక్కువ అరుస్తారు. కొందరు కరెంటు కొట్టినట్టు ఒళ్ళు వణికించి పడిపోతారు, పక్కవాళ్ళు వీడియో తీస్తారు. గోడౌను పని మానేయమని అత్త కోడలికి చెప్పింది. ఒకసారి కాదు, వారం రోజులు చెప్పింది. "ఇంకెక్కడుందండి పని?" అంది కోడలు.

చెప్పుల దగ్గర ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. సత్యనారాయణమ్మ స్టూలు తెచ్చుకుని వరండాలో, మెయిన్ స్విచ్చు కింద కూర్చుంటుంది. ఆ పని ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. జీతం ఇవ్వక్కర్లేదని హేమంత్‌కు తనే చెప్పింది. "ఇక అవసరం లేదు ఆంటీ," అన్నాడతను రెండుసార్లు. తర్వాత అనడం మానేశాడు.

కార్తీకం చివర్లో మళ్ళీ ముసురు పట్టింది. కాలవ నిండుగా ఉంది. సాయంత్రం ఆటకు ఎనభై మంది వెళ్ళారు, కోడలు వాళ్ళ వెనకాల నల్లగుడ్డ దించుకుంది. కాసేపటికి నేల అదరడం మొదలైంది, లోపల అరుపులు లేచాయి. పిల్లలవి, ఆడవాళ్ళవి, అన్నీ కలిసి, ఒకదాని మీద ఒకటి. సత్యనారాయణమ్మ లేచి నిలబడి స్విచ్చు పిడి మీద చెయ్యి వేసింది. వాటిలో ఏది సరదా అరుపో, ఏది నిజం అరుపో అక్కడినుంచి తెలియడం లేదు.