ఉరుము మళ్ళీ పనిలోకి

సోఫాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆవిణ్ణి అందరూ ఉరుము అనేవాళ్ళు. మిషన్లన్నీ ఒక్కసారిగా మోగుతున్నా ఆవిడ గొంతు ఈ గోడ నుంచి ఆ గోడకు వినిపించేది. కోపమొచ్చినా అదే గొంతు, జోకు వేసినా అదే గొంతు. మందపాటి రెక్సిన్ కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి.

ఒక మధ్యాహ్నం కార్ఖానా గేటు దగ్గర వెనక్కి వస్తున్న లారీ ఆవిడ కుడికాలి మీదుగా పోయింది. మోకాలి కింద తీసేశారు. కొన్నాళ్ళకు పెట్టుడు కాలు వచ్చింది, వికలాంగుల పింఛనూ మంజూరైంది. ఇంట్లోవాళ్ళంతా హమ్మయ్య అనుకున్నారు, ఆవిడ తప్ప.

భర్త బస్సు డ్రైవరు. డ్యూటీకి వెళ్ళేముందు మంచినీళ్ళు, ఫోను, రిమోటు ఆవిడ చేతికి అందేలా పెట్టేవాడు.

"మహారాణిలా కూర్చోవే."

"మహారాణికి ఏలుకోవడానికి రాజ్యమన్నా ఉంటుంది. నాకేముంది, ఈ టీవీ తప్ప?"

చూడ్డానికొచ్చినవాళ్ళు ఆవిడ ఎదురుగానే, "మీ ఆవిడకెలా ఉంది?" అని ఆయన్ని అడిగేవాళ్ళు. "పోయింది కాలండీ, చెవులు కాదు. నన్నే అడగండి" అనేది.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దున కమ్మీ పట్టుకుని మెట్లు దిగి, మధ్యలో ఒకసారి కూర్చుని ఆయాసం తీర్చుకుని, కార్ఖానాకు వెళ్ళింది. యజమాని కంగారుగా ఎదురొచ్చాడు.

"ఇంటికే గుడ్డ పంపిస్తానమ్మా. దిండు గలీబులు కుట్టివ్వు. ఎవరికీ తెలీదు, పింఛనూ ఎక్కడికీ పోదు."

సాయంత్రం ఆవిడ అన్నయ్యా అదే పాట పాడాడు. "చేసుకుంటే గుట్టుగా చేసుకో. చేతికందిన పింఛన్ని కాలదన్నుకుంటావా?"

"తన్నడానికి ఇంకో కాలేదన్నయ్యా?" అని పడీపడీ నవ్విందావిడ. అన్నయ్యకు నవ్వు రాలేదు. ఆవిడా నవ్వాపి, "గుట్టెందుకు? నేనేమన్నా దొంగసారా కాస్తున్నానా? పట్టపగలు చేసే పని పట్టపగలే చేస్తాను. పింఛనాఫీసులోనూ నేనే చెబుతాను" అంది.

అన్నట్టే భర్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. కౌంటరులో ఉన్నావిడ విని, "పని చేయగలిగితే మీకు పింఛనెందుకమ్మా?" అంది.

"పనిలో చేరితే నాకు కాలు మొలుస్తుందా?"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. భర్త చెయ్యి పట్టి లాగాడు. ఆవిడ విదిలించుకుంది.

"ఇక్కడికొచ్చేవాళ్ళంతా నాలాంటివాళ్ళే కదా. మరి మీ మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఏదమ్మా?"

ఆ గొంతుకు లోపలి గదిలోంచి అధికారి బయటికొచ్చాడు. కుర్చీ వేయించి, నింపాదిగా చెప్పాడు. మొదటి కొన్ని నెలలు పనిచేసి చూసుకోవచ్చు, పింఛను ఆగదు. తర్వాత జీతాన్నిబట్టి తగ్గుతుంది. ఒళ్ళు సహకరించక మానేస్తే మళ్ళీ పూర్తిగా ఇస్తారు.

"మరి ఈ ముక్క బయట గోడ మీద రాయలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా."

"అడిగితే ఉన్నది కూడా ఊడుతుందేమోనని భయం సార్. అందుకే అడగలేదు."



ఆ వారమే పనిలో చేరింది, రోజుకు ఒక పూట. యజమాని ముందుగదిలో ఫోను దగ్గర కూర్చోమన్నాడు. "నేను ఫోనుల కోసం రాలేదు. నా మిషనేది?" అంది. మెకానిక్ పెడలును ఎడమవైపుకు జరిపి బిగించాడు. కుట్టు మొదట్లో పాములా వంకరలు పోయింది. పంటి బిగువున విప్పింది, మళ్ళీ కుట్టింది. కాలు ఒరుసుకుపోతే అందరి ముందే పెట్టుడు కాలు విప్పి బల్లకు ఆనించేది. ఒకసారి సోఫా కొనడానికొచ్చినాయన కళ్ళప్పగించి చూస్తుంటే, "అది అమ్మకానికి కాదండీ" అంది.

ఇంతలో పింఛను ఆగిపోయింది. ఆఫీసులో ఎవరో పొరపాటున ఆవిడ పేరు కొట్టేశారు. "నే చెప్పలేదూ?" అంటూ అన్నయ్య ఊగిపోయాడు. భర్త కూడా జంకాడు.

"పింఛను మళ్ళీ వచ్చేదాకా మానేయవే."

"మానేస్తే, పనిచేయడం తప్పని నేనే ఒప్పుకున్నట్టు. మానను."

ఆ మధ్యాహ్నం పని ముగించుకుని, చేతికుట్టు మిగిలిన తొడుగులు సంచిలో వేసుకుని, అధికారి గది ఎదుట బెంచీ మీద కూర్చుంది. ఎవరు ఏమడిగినా, "నా పేరెవరు కొట్టేశారో వాళ్ళు రావాలి" అంటూ కుట్టుకుంటూనే ఉంది. ఆఫీసు మూసేవేళకు పేరు మళ్ళీ ఎక్కింది.

ఇప్పుడు కుట్టు తిన్నగా వస్తోంది. నొప్పి ఎక్కువైన రోజు ఫోను చేసి రానని చెబుతుంది. ఏమీ అనుకోవద్దని మాత్రం బతిమాలదు. ఈమధ్య యజమాని పూర్తి రోజు రమ్మంటున్నాడు.

"మీకు ఆర్డర్లు ఎక్కువైనప్పుడు కాదు సార్, నా ఒళ్ళు సరేనన్నప్పుడు వస్తాను" అని మిషను తొక్కింది.