పక్క స్వరంలో పిన్ని

మా పిన్ని పోయిందని కింది వాటా అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడు నేను బందరులో, మా స్కూలు వరండాలో ఉన్నాను. ఆవిడ గుడివాడలో పిన్ని అద్దెకున్న ఇంటి యజమానురాలు. ఏడుస్తూ, మధ్యమధ్య ఆగుతూ చెప్పారు.

"పొద్దున్నించీ పైనుంచి ఒకటే గుయ్‌మని మోతమ్మా. మీ పిన్నిగారి వాయింపు మాకు అలవాటే కదా, కాసేపు పట్టించుకోలేదు. ఎంతకీ పాట మొదలవదు, మోత ఆగదు. ఏంటా అని మెట్లెక్కి చూస్తే కుర్చీలోనే..."

గిటారు ఒళ్ళో ఉందట. స్పీకరు డబ్బా ఇంకా ఆన్‌లోనే ఉందట. నిద్రలోకి జారినట్టే ఉంది, గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు.

కాలేజీవాళ్ళు గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద 'విశ్రాంత కామర్స్ అధ్యాపకురాలు' అని వేశారు. అది నిజమే. గుడివాడలో ఒక తరం పిల్లలకు జమాఖర్చులు నేర్పింది పిన్నే. కానీ ఆ కామర్స్ లెక్చరర్ ఇంటికొచ్చాక, చీర కొంగు నడుముకి దోపుకుని, గాజులు తీసి కిటికీలో పెట్టి, ఎలక్ట్రిక్ గిటారు మీద ఎవరికీ అర్థంకాని రాక్ సంగీతం కట్టేదని ఆ ఫ్లెక్సీ చూసినవాళ్ళకి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా దాన్ని ఆవిడకున్న ఒక చిన్న జబ్బులాగా చూసి ఊరుకున్నారు. అందుకే ఈ నాలుగు మాటలూ నేను రాస్తున్నాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. వాళ్ళ పుట్టిల్లు అవనిగడ్డ. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో స్టూడెంటు ఇచ్చిన క్యాసెట్‌లో ఒక విదేశీ పాట విందట. అందులో రెండు గిటార్లు ఒకదానితో ఒకటి కలవకుండా, పక్కపక్క స్వరాల్లో ఒరుసుకుంటూ సాగుతాయట. "వీణ దగ్గర అలా మోగితే మేష్టారు వేళ్ళ మీద కొట్టేవారే. వీళ్ళు కావాలనే వాయిస్తున్నారు! ఆ మోత వింటుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. అందరం ఒక్క గదిలోనే ఉంటాం, ఒకరికొకరం అందకుండా. ఆ సంగతి చెప్పే సంగీతం ఉందని అప్పటిదాకా నాకు తెలీదు" అనేది. పెళ్ళిళ్ళకి సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రా ఒకటి మూతపడుతుంటే వాళ్ళ గిటారు కొనుక్కుంది. వీణ మీద తిరిగిన వేళ్ళు గిటారు మీదికి మళ్ళాయి. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకని ఎవరడిగినా నవ్వేసేది.

నేను ఇంటర్ చదవడానికి అవనిగడ్డ నుంచి ఆవిడ దగ్గరికే వచ్చాను. నాకు అప్పటికే పాట వచ్చు, పోటీల్లో బహుమతులు వచ్చేవి. వచ్చిన వారానికే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"నేను షడ్జం పట్టుకుంటాను. నువ్వు దాని పక్కనే శుద్ధ రిషభం పట్టుకో. ఊపిరి ఉన్నంతసేపూ."

పట్టుకున్నాను. రెండు గొంతులూ గదిలో కొట్టుకోవడం మొదలుపెట్టాయి. గాలి వణికినట్టు, చెవిలో తుమ్మెద దూరినట్టు. భరించలేక నాకు తెలియకుండానే నా స్వరం జారి ఆవిడ స్వరంలో కలిసిపోయింది.

"రావద్దు," అంది పిన్ని. "నా దగ్గరికి రావద్దు. అలాగని పారిపోవద్దు. అక్కడే ఉండు."

మళ్ళీ పట్టాను, మళ్ళీ జారాను. అలా ఎన్ని సాయంత్రాలో. ఒకరోజు నిలబడగలిగాను. ఆ వణుకు నాకు తప్పులా కాక, మా ఇద్దరి మధ్యా ఏదో మూడోది ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపించింది. ఊపిరి అయిపోయాక పిన్ని చెయ్యెత్తి ఆపింది. శబ్దం గదిలోంచి పూర్తిగా వెళ్ళిపోయేదాకా ఆవిడ మాట్లాడేది కాదు, ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. కాఫీ గ్లాసుతో వచ్చిన అత్తయ్యగారు కూడా గుమ్మంలోనే ఆగిపోవాల్సిందే.

పాటల్లో మాటల విషయంలోనూ ఆవిడ పద్ధతి వేరు. వెన్నెల రాకూడదు, గుండె రాకూడదు, 'ఓ ప్రియా' అసలే రాకూడదు. ఇంట్లో నిజంగా ఎవరైనా అన్న మాటే పాటలోకి రావాలి. ఆవిడ మొదట నాచేత పాడించిన పాట ఇది:

గ్యాస్ కట్టేశానా
కట్టేశాను
తాళం వేశానా
వేశాను
ఇంట్లో ఎవరున్నారు
వేసిన తాళం ఉంది

దీనికి కింద గిటారు గరగరలాడుతూ ఒకే చోట తిరుగుతుంది. లయకి ఒక చిన్న డ్రమ్ మిషను. నేనొకసారి ఉత్సాహంగా ఒక చరణానికి ప్రాస కుదిర్చి చూపించాను. రెండుసార్లు చదివి, "బాగా కుదిరిందే. అందుకే తీసేద్దాం. ప్రాస పడగానే వినేవాడు హమ్మయ్య అని సర్దుకుని కూర్చుంటాడు. వాణ్ణి కూర్చోనివ్వకూడదు" అంది.

మా అమ్మకి ఇదంతా బొత్తిగా పడేది కాదు. అవనిగడ్డ నుంచి వచ్చినప్పుడల్లా, "ఏంటే ఆ గోల? వింటుంటే గుండె దడ పుడుతోంది" అనేది.

"దడ పుట్టిందా అక్కా? మరింకేం కావాలి?" అనేది పిన్ని సంతోషంగా.

సినిమా పాటలంటే ఆవిడకి చులకన లేదు. వీధిలో గృహప్రవేశమైతే అడిగినవాళ్ళకి అడిగిన పాట వాయించి, పులిహోర తిని, పైకొచ్చి తన మోత తను మొదలుపెట్టుకునేది.

మేమిద్దరం ఒక్కసారే జనం ముందు వాయించాం. బందరులో ఒక హాల్లో సాంస్కృతిక సాయంత్రం. పిల్లల డాన్సుల తర్వాత మమ్మల్ని పిలిచారు. తాళం పాట ఎత్తుకున్నాం. పక్క స్వరాలు రెండూ ఒరుసుకోగానే ముందు వరసలో పెద్దాయన లేచి, "మైకు పాడైందయ్యా, చూడండి!" అని కేకేశారు. మైకుసెట్టు అతను స్క్రూడ్రైవరు పట్టుకుని స్టేజీ మీదికి పరిగెత్తుకొచ్చి మా కాళ్ళ దగ్గర వైర్లు కదపడం మొదలుపెట్టాడు. హాలంతా నవ్వు. పిన్ని ఆపలేదు. నన్ను ఆపనివ్వలేదు. పాట అయ్యేసరికి కుర్చీలు చాలావరకు ఖాళీ అయ్యాయి.

మైకుసెట్టు అతను మాత్రం వెళ్ళలేదు. "మేడమ్, ఏమీ అనుకోకండి, ఇంకోసారి వాయిస్తారా? తేడా ఎక్కడొస్తోందో పట్టుకుంటాను" అన్నాడు.

పిన్ని అతని కోసం పాట మొత్తం మళ్ళీ వాయించింది. మొదటిసారి కంటే శ్రద్ధగా. అతను ఒక్కొక్క స్పీకరు దగ్గరా చెవి పెట్టి, చివరిదాకా విని, తల గోక్కుంటూ వచ్చాడు.

"లైను బాగానే ఉందండీ."

"నాకూ అలాగే అనిపించిందండీ," అంది పిన్ని.

తిరుగు రైల్లో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పెడన దాటాక అంది: "అందరికీ నచ్చుతుందని కాదే. ఒక్కళ్ళైనా 'ఇదేంటి' అని ఆగుతారేమోనని." ఆవిడ ఎంత ఒంటరిదో నాకు మొదటిసారి తెలిసింది ఆ రైల్లోనే.

తర్వాత నాకు పెళ్ళైంది, బందరులో స్కూల్లో సంగీతం టీచరునయ్యాను. ఆదివారాలు కుదిరినప్పుడు గుడివాడ వెళ్ళేదాన్ని. అలా ఏళ్ళు గడిచాక నా మెడలో గడ్డ కనబడింది. థైరాయిడ్ ఆపరేషన్. గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉందని, మాట మారే అవకాశముందని డాక్టర్లు ముందే చెప్పారు. మారింది. ఒక పక్క స్వరతంత్రి కదలడం మానేసింది. నోరు తెరిస్తే ఒకేసారి రెండు శ్రుతులు వచ్చేవి. ఒకటి బొంగురుగా కింద, ఒకటి సన్నగా పైన. నాకే భయం వేసేది. ఆటోవాళ్ళు తిరిగి చూసేవారు. స్కూలువాళ్ళు మర్యాదగానే నన్ను లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఇంటికొచ్చిన చుట్టాలు నా గురించి నా ముందే మా ఆయన్ని అడిగేవారు. నేను మాట్లాడటం మానేశాను. కావలసింది చేత్తో చూపించడం, తలూపడం. నా ఇంట్లోనే నేను ఎక్కడో అవతలి గట్టున ఉన్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం పిన్ని గుడివాడ పాసింజరు దిగి గిటారుతో సహా వచ్చింది. ఓదార్చలేదు. మంచినీళ్ళు తాగి, గాజులు తీసి, నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఆ అను."

తల అడ్డంగా ఊపాను.

"నీ కోసం కాదు. నాకు వినాలనుంది. అను."

అన్నాను. ఆ చీలిన శబ్దం విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పిన్ని కళ్ళు మూసుకుని ఒక తీగను వేలితో కొద్దికొద్దిగా లాగుతూ వెతికింది. "ఇదిగో కిందది," అంది. ఇంకో తీగ మీటి పైదాన్ని పట్టుకుంది. రెండూ కలిపి మోగించింది. గదిలో నా గొంతూ గిటారూ ఒకే రకంగా వణికాయి. ఆ వణుకు నాకు తెలిసిందే.

చెయ్యెత్తి, శబ్దం వెళ్ళిపోయేదాకా ఆగి, అప్పుడు అంది: "నీచేత పక్కన నిలబడు, పక్కన నిలబడు అని ఏళ్ళ తరబడి సాధన చేయించాను. ఇప్పుడు నువ్వొక్కదానివే ఇద్దరయ్యావు. నాకు పని తగ్గింది."

ఎన్నో నెలల తర్వాత నేను నవ్వాను. నవ్వూ రెండు శ్రుతుల్లోనే వచ్చింది.

"సరే, ఇప్పుడు చెప్పు. నీ గొంతు విని ఎవరెవరు ఏమన్నారు? ఉన్నదున్నట్టు చెప్పు."

చెప్పాను. ఒక్కోటీ చెప్తుంటే కోపం, ఏడుపు, సిగ్గు. పిన్ని ఏదీ మార్చలేదు, ఏదీ అందంగా చెయ్యలేదు. వాటినే వరసలో పెట్టి పాట కట్టింది:

జలుబు చేసిందా
లేదండీ
ఫోను మీ వారికివ్వమ్మా
ఇక్కడున్నది నేనేనండీ
సరేనమ్మా మీ వారికివ్వు
ఇక్కడున్నది నేనే
ఇక్కడున్నది నేనే

ఆ చివరి మాట దగ్గర గిటారు పూర్తిగా ఆగిపోతుంది. నా గొంతు ఒక్కటే, రెండుగా, ఊపిరి అయిపోయేదాకా. గుడివాడ గదిలో కిటికీలు మూసి రికార్డు చేశాం. పిన్ని దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. విన్నవాళ్ళు బహు కొద్దిమంది. అందులో ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి, 'ఈ గొంతు ఏ మిషనుతో చేశారు?' అని రాశారు. పిన్ని మురిసిపోయి జవాబిచ్చింది: 'మిషను కాదండీ, మా అక్క కూతురు.'

ఆ వేసవి సెలవుల తర్వాత స్కూల్లో మళ్ళీ సంగీతం క్లాసు అడిగి తీసుకున్నాను. పిల్లలు మొదటి రోజు కిసుక్కుమన్నారు. "రెండు వినబడుతున్నాయి కదా, మీకు ఏది అందితే అది పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నారు.

నా గొంతు రోజుకో రకంగా ఉంటుంది. అందుకని పిన్ని రోజూ పొద్దున్నే ఫోన్ చేసేది. బాగున్నావా, తిన్నావా అని ఉండదు. "ఇవాళ కిందది ఎక్కడుంది?" అనేది. నేను 'ఆ' అంటే అవతల గిటారు మీద వెతికి, "కొంచెం పైకొచ్చింది, పర్లేదు" అని పెట్టేసేది. తను పలకరించడానికీ, ఎవరైనా తనని పలకరించడానికీ ఆవిడ ఎంచుకున్న దారి అదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆవిడకి రోజులో అది తప్ప ఇంకో ఫోను ఉండేది కాదు.

ఇప్పుడు పొద్దున్నే లేచి 'ఆ' అంటాను. ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. మా ఆయన మంచివాడే, "బానే ఉందిగా" అంటాడు. బాగుండటం కాదు నేనడిగేది.

దశదిన కర్మ అయ్యాక అమ్మా నేనూ గుడివాడ వెళ్ళి గది ఖాళీ చేశాం. ఒక్క మనిషి సామాను ఎంతుంటుంది. బీరువా, గిన్నెలు అత్తయ్యగారికి తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం. గిటారు దగ్గరికొచ్చేసరికి నేను చెయ్యి చాపాను.

"నేను పట్టుకుంటాలే," అంది అమ్మ.

అవనిగడ్డ బస్సెక్కాం. గిటారుకి సంచీ ఎప్పుడో చిరిగిపోయింది. అమ్మ దాన్ని సీట్లో తన పక్కన నిలబెట్టి, ఒక చేత్తో మెడ పట్టుకుని కూర్చుంది. పామర్రు, కూచిపూడి దాటాం. రోడ్డు బాగాలేని చోట బస్సు ఎగిరినప్పుడల్లా తీగలు ఒక్కసారిగా మోగేవి. పిన్ని చివరిగా చేసిన శ్రుతి, ఏ రెండూ కలవని శ్రుతి. ముందు సీట్లో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అమ్మ గబగబా రెండో అరచెయ్యి తీగల మీద ఆనించి మోత ఆపేసింది. చల్లపల్లి దాకా ఆ చెయ్యి అలాగే ఉంచింది.

చల్లపల్లి దాటాక, ఏమనుకుందో, మెల్లగా ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. బస్సు పులిగడ్డ వైపు కుదుపుతూ వెళ్తోంది. తీగలు మోగుతున్నాయి. అమ్మ కిటికీలోంచి కోతలైన చేల వైపు చూస్తోంది, వింటోంది.