మౌనం చీటీ

మా పక్కింటి ఒపెరా ఆవిడ పోయారని మొన్న ఆదివారం తెలిసింది. ఐర్లండ్‌లో, ఈ కార్క్ ఊళ్లో మా రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒకే గోడ. లాక్‌డౌన్ కదా, అంత్యక్రియలకి చర్చిలోకి పదిమందినే రానిచ్చారు. మిగతావాళ్లం రోడ్డు పక్కన దూరదూరంగా నిలబడి దణ్ణం పెట్టుకున్నాం.

ఇటలీలో రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టారట. పన్నెండేళ్లు కోరస్‌లో వెనక వరసలో నిలబడ్డాక, హీరోయిన్‌కి జ్వరమొచ్చిన రోజున ముందుకొచ్చారు. ఆ తర్వాత ఊరూరా పాడారు. ఇక్కడికి కూడా పాడటానికే వచ్చి, ఈ ఊరి స్కూలు మాస్టారిని పెళ్లాడి ఉండిపోయారు. ఆయన పోయాక ఒంటరి. ఎనభై దాటినా పొద్దున ఎనిమిదింటికి సాధన తప్పదు. "గొంతు పిల్లి లాంటిది, రోజూ పలకరించకపోతే ఇల్లు మారుస్తుంది" అనేవారు. సరళీస్వరాల దగ్గరే సంగీతం మానేసిన నాకు ఆవిడంటే భయమూ, ఇష్టమూ.

నేను కోవిడ్ వార్డులో డాక్టర్ని. నా నుంచి ఆవిడకి ఎక్కడ అంటుకుంటుందోనని పప్పుచారు గిన్నె మెట్టు మీద పెట్టి వచ్చేసేదాన్ని. పొద్దున్నే గోడవతల గొంతు వినపడితే హమ్మయ్య అనుకునేదాన్ని.

ఒక శనివారం వినపళ్లేదు. చెప్పుల్లేకుండా పరుగెత్తి తలుపు బాదాను. ఆవిడ కిటికీలోంచి కోపంగా ఒక చీటీ చూపించారు: "రేపు పాడాలి. ఇవాళ మాట్లాడను. నేను చావలేదు." వీధివాళ్లు బతిమాలితే మర్నాడు గుమ్మంలోంచి పాడటానికి ఒప్పుకున్నారట. పాడే ముందురోజంతా నోరు విప్పకపోవడం ఆవిడ స్టేజీ రోజుల అలవాటు. నాకేం తెలుసు?

"నీకు అందరూ రోగుల్లాగే కనపడతారు," అని మర్నాడు నవ్వారు. "ఇకనుంచి నోరు మూసుకున్న రోజు కిటికీకి చీటీ పెడతాలే. హాయిగా డ్యూటీకి పో."

మొన్న శనివారం గోడ పలకలేదు. కిటికీకి 'మౌనం' చీటీ ఉంది. హాయిగానే డ్యూటీకి పోయాను. ఆదివారం ఎనిమిదయింది, గొంతు లేదు. చీటీ అలాగే ఉంది. ఎంత బాదినా తలుపు తియ్యలేదు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వచ్చి తీశారు.

చీటీ శుక్రవారం రాత్రే పెట్టి పడుకున్నట్టున్నారు; శనివారం పొద్దున్నే, నిద్రలోనే పోయి ఉంటారని ఆవిడని ఎప్పుడూ చూసే డాక్టరు చెప్పారు. "నువ్వు తట్టినా చేసేదేం లేదమ్మా," అన్నారు. నేనూ రోజూ జనానికి అదే మాట చెబుతాను కాబట్టి నాకు నమ్మకం కుదరడం లేదు. డాక్టర్నై ఉండి కాగితం ముక్కని నమ్మాను.

గార్డులు ఆ చీటీ నాకే ఇచ్చారు. వెనక, ఆ ఆదివారం పాడాల్సిన మూడు పాటలు. మూడోదాని పక్కన రాసుకున్నారు: "గోడవతల డాక్టర్‌కి. గట్టిగా."

ఇప్పుడది మా కిటికీకి ఉంది. మౌనం వైపు నాకు, పాటల వైపు వీధికి.